పదిన్నర ఎండకి టోపీ కుడుతున్నాను

ఏప్రిల్ వచ్చిందంటే మా బరంపురంలో బళ్ళు పొద్దుటి పూటకి మారిపోతాయి. ఆరున్నరకి గంట కొట్టి, పదిన్నరకల్లా పిల్లల్ని వదిలేస్తారు. మంచి ఏర్పాటే. 1998 వేసవిలో వడగాలులకి ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు చూసినవాళ్ళకి ఎండంటే ప్రాణభయం. అందుకే ఇక్కడ మధ్యాహ్నమైతే తలుపులు మూసేస్తారు, పఖాళ అనే నీళ్ళన్నం తింటారు, పిల్లల చేత తోరాణి, అంటే ఆ పులిసిన అన్నం నీళ్ళు, తాగిస్తారు. బయటికెళ్ళే పిల్లాడి జేబులో ఉల్లిపాయ పెట్టి పంపే నానమ్మలు ఇప్పటికీ ఉన్నారు. వడదెబ్బ గురించి మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

వేడి సంగతి ఇంత తెలిసిన ఊళ్ళో వెలుతురు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. చర్మాన్ని కాల్చేవి ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలు. అవి కంటికి కనబడవు, ఒంటికి వేడిగా తగలవు. నేల, గోడలు, గాలి కాగడానికి టైమ్ పడుతుంది కాబట్టి వేడి రెండు మూడు గంటలకి ముదురుతుంది. అల్ట్రావయొలెట్‌కి ఆ ఆలస్యం ఉండదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే అది గట్టిగా ఉంటుంది. మన దేశం గడియారం నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన. బరంపురం దానికి తూర్పున ఉంది. అందుకని వేసవిలో మాకు నడిమధ్యాహ్నం పన్నెండుకి పది నిమిషాల ముందే అయిపోతుంది. పదిన్నరకి బడి వదిలి, పిల్లలు బ్యాగులు తగిలించుకుని కబుర్లాడుకుంటూ పదకొండుకి ఇల్లు చేరుతున్నారంటే, వేడి తప్పించుకున్నారు గానీ ఎండలో గట్టి వేళకి ఎదురెళ్ళి వచ్చారన్నమాట.

దీన్ని చూసుకోవడానికి ఏ మిషనూ అక్కర్లేదు. నీడ చాలు. మనిషి నీడ మనిషి కంటే పొట్టిగా ఉందంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టు. మా అబ్బాయి మూడో తరగతి. వాడికి ఇదొక ఆట అయిపోయింది. మేడ మీద చాక్‌పీసుతో గీతలు గీసి, చెల్లెలి వరస అమ్మాయిని నిలబెట్టి కొలుస్తుంటాడు. మే నెల మధ్యలో ఎనిమిదిన్నర దాటేసరికే నీడ మనిషి కంటే పొట్టిదవుతుంది, మళ్ళీ మూడు దాకా పెరగదు. పదిన్నరకైతే ఎత్తులో సగం కూడా ఉండదు. నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది డిసెంబరు. ఏడాదిలో పగలు అన్నిటికంటే చిన్నదైన రోజున కూడా ఇక్కడ పదకొండు నుంచి పన్నెండున్నర దాకా నీడ మనిషి కంటే కొంచెం పొట్టిగానే ఉంటుంది. మరి డిసెంబరు, జనవరి నెలల్లోనే కదా మా ఊళ్ళో అందరూ పిక్నిక్ అంటూ గోపాల్‌పూర్ సముద్రపు ఇసుకలోనో తప్తపాణి వేడినీటి బుగ్గ దగ్గరో పిల్లల్ని రోజంతా వదిలేస్తారు! చలిగాలి హాయిగా ఉంటుంది, ఎండ వెచ్చగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. సాయంత్రానికి పిల్లల ముక్కులు, చెంపలు కమిలిపోయి ఉంటాయి. అది చలిగాలికి పగిలిందనుకుంటారు.

వానాకాలం కూడా అంతే. సూర్యుడు మా నెత్తిన సరిగ్గా నిలబడేది ఏడాదికి రెండుసార్లు: మే మధ్యలో ఒకసారి, జులై నెలాఖరులో ఇంకోసారి. జులైలో మబ్బు ఉంటుంది కదా అనుకుంటాం. పల్చటి మబ్బైతే అల్ట్రావయొలెట్‌లో ఎనభై శాతం దాకా కిందికి దిగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫోన్లో వాతావరణం చూసేచోట యూవీ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. అది 3కి చేరితే జాగ్రత్త పడాలి, 8కి చేరితే చాలా ఎక్కువ, 11కి చేరితే విపరీతం. వేసవి మధ్యాహ్నం మా దగ్గర 11 దాటడం మామూలే. ఉష్ణోగ్రత చూసే అలవాటున్న ప్రతివాళ్ళూ ఆ పక్క అంకె కూడా చూస్తే బాగుంటుంది.

ఇదంతా నేనెందుకు పట్టించుకున్నానంటే, నేను పిల్లల బట్టలు కుడతాను. మాది దేవాంగుల ఇల్లు. మా తాత మగ్గం మీద బరంపురం పట్టు నేసేవాడు. నా తరానికి మగ్గం పోయి కుట్టు మిషన్ మిగిలింది. యూనిఫారాలు, పుట్టినరోజు గౌన్లు, రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, వస్తే పిల్లల వేషాలకి బట్టలు. కొన్నేళ్ళ కిందట ఒకావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పాపకి పుట్టుకతోనే ఒంట్లో, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ లేదు. జుట్టు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగానే ఉంటాయి. వెలుతురు చూడలేక కళ్ళు చిట్లిస్తుంది. పది నిమిషాల ఎండకే చర్మం కందిపోతుంది. ఇలాంటి పిల్లలకి ఎండ వల్ల చర్మ క్యాన్సర్ భయం నిజంగానే ఎక్కువ. ఇంట్లోనే ఉంచేస్తున్నామని ఆ తల్లి చెబుతుంటే నాకు మనసొప్పలేదు. ఆ పాప బడికి వెళ్ళేలా బట్టలు కుట్టాలి. అందుకోసమే డాక్టర్ని అడిగి, వెతికి చదివి, ఏ గుడ్డ ఎండని ఎంత ఆపుతుందో నేర్చుకున్నాను.

గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. అవతల వెలుతురు ఎంత కనబడితే ఎండ అంత లోపలికి పోతున్నట్టు. మొదటి పరీక్ష ఇదే. చిక్కటి నేత మంచిది. పాప్లిన్, డ్రిల్, సన్న జీన్స్ లాంటివి బాగా ఆపుతాయి. వేసవి కదా అని మనం ముచ్చటపడి కొనే పల్చటి తెల్ల వాయిల్, మల్లు గుడ్డ హాయిగానే ఉంటాయి గానీ ఎండని ఆపడంలో చాలా వెనకబడతాయి. ముదురు రంగు గుడ్డ లేత రంగు కంటే ఎక్కువ ఆపుతుంది. పాలిస్టర్ కలిసిన టెరికాట్ ఒట్టి నూలు కంటే ఎక్కువ ఆపుతుంది, కానీ మా ఊరి ఉక్కలో అది వేస్తే పిల్లలకి చెమటకాయలు లేస్తాయి. అందుకని నేను చిక్కటి నూలు గుడ్డనే, నేవీ బ్లూ, మెరూన్, ముదురు పచ్చ రంగుల్లో, వదులుగా కుడతాను. వదులు అన్నది ముఖ్యం. బిగుతుగా ఉంటే గుడ్డ సాగి నేత మధ్య సందులు తెరుచుకుంటాయి. గాలి కూడా ఆడదు.

కొత్త నూలు గుడ్డ రెండు మూడు ఉతుకులకి కుదించుకుంటుంది. అప్పుడు సందులు మూసుకుని ఎండని ఇంకా బాగా ఆపుతుంది. కాబట్టి కొత్త చొక్కా గుడ్డ తడిపి ఆరేశాకే కత్తెర వేయించుకోండి, కొలతా చెడదు. అదే గుడ్డ బాగా పాతబడి అరిగిపోతే మళ్ళీ పనికిరాదు. తడిసిన తెల్ల టీషర్టు మరీ ఘోరం. గోపాల్‌పూర్‌లో కెరటాల్లో ఆడే పిల్లలు తడి టీషర్టుతోనే గంటలు గంటలు ఉంటారు, ఒంటి మీద బట్ట ఉంది కదా అని పెద్దవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. తడి నూలు గుడ్డలోంచి ఎండ ఎక్కువగా దూరుతుంది. సముద్రానికి వెళ్తే ముదురు రంగు, చిక్కటి అల్లిక ఉన్న ఫుల్ హ్యాండ్స్ ఈత బనియను వేయండి. కొన్ని ఈత బట్టల మీద యూపీఎఫ్ 50 అని ఉంటుంది. పడ్డ కిరణాల్లో యాభైలో ఒక వంతే లోపలికి పోతాయని అర్థం. గామ్చా (తువ్వాలు) కప్పేవాళ్ళు రెండు మడతలు వేసి కప్పాలి, ఒంటి మడత నేత బాగా పల్చన. గొడుగు వేసినా, చెట్టు నీడన కూర్చున్నా ఆకాశం నుంచీ ఇసుక మీంచీ కొంత వస్తూనే ఉంటుంది కాబట్టి నీడలో కూడా చొక్కా ఉండాల్సిందే.

ఆస్ట్రేలియాలో 1981 నుంచి పిల్లలకి పాట కట్టి మరీ చెబుతున్నారు: చొక్కా తొడుక్కో, క్రీమ్ రాసుకో, టోపీ పెట్టుకో అని. చొక్కా మొదట వచ్చిందని నాకు చాలా సంతోషమేసింది. అక్కడ ఎన్నో ప్రైమరీ బళ్ళలో టోపీ లేనిదే ఆటకి పంపరు. అక్కడ ఎక్కువమందిది తెల్ల చర్మం, చర్మ క్యాన్సర్ కూడా చాలా ఎక్కువ. మన చర్మంలో మెలనిన్ ఉంది, అది మనకి కొంత కాపలా. మన దేశంలో చర్మ క్యాన్సర్ అరుదే. అలాగని గోధుమరంగు, నల్లరంగు చర్మాన్ని ఎండ ఏమీ చెయ్యదనుకుంటే పొరపాటు. మన పిల్లల చర్మం కూడా కాలుతుంది. ఎర్రగా కనబడదు, అంతే. ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, స్నానం చేయిస్తే మంటంటారు, రెండు మూడు రోజులకి పొట్టు లేస్తుంది. గోపాల్‌పూర్ ఒడ్డున వలలు లాగే మన తెలుగువాళ్ళ పిల్లల ముక్కులు చూడండి, తెలుస్తుంది. పిల్లల చర్మం పెద్దవాళ్ళ చర్మం కంటే పల్చన. చిన్నప్పటి నుంచి తగిలిన ఎండంతా చర్మంలో జమ అవుతూ వస్తుంది. నడివయసులో మంగు, మచ్చలు, ముడతలు, కంట్లో కండ పెరగడం, శుక్లాలు వీటన్నిటిలోనూ ఆ ఎండకి వాటా ఉంది.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

మా అత్తయ్య మంచి మనిషి. మనవలంటే ప్రాణం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఖోఖో ఆడుతుంది. ‘‘ఎండలోకి ఎల్లకే, నల్లగుంటవి అయిపోతావు, రేపు ఎవుడు సేసుకుంటాడు?’’ అంటుంది అత్తయ్య. అదే నోటితో మా అబ్బాయిని ‘‘ఆడుకోనీ, మగగుంటడు కదా, ఏటవుతాది’’ అంటుంది. ఒక్క మా ఇల్లే కాదు, నా దగ్గరికి బట్టలకొచ్చే తల్లుల్లో సగం మంది ఇలాగే మాట్లాడతారు. టోపీ అమ్మాయికైతే అడుగుతారు, అబ్బాయికి వద్దంటారు. ఛాయ తక్కువగా పుట్టిన పాప అయితే ‘‘దీనికింక టోపీ ఎందుకులే’’ అని ఆ పాప ముందే అనేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నా చేతిలో కత్తెర ఆగిపోతుంది. పాప మొహంలోకి చూడలేను.

రంగు కోసం కాపాడితే ఏమవుతుందో చూడండి. ఆడపిల్ల ఆట మానేసి గదిలో కూర్చుంటుంది. ఎముకలకి కావలసిన విటమిన్ డి చాలావరకు ఎండ నుంచే కదా రావాలి! మగపిల్లాడు ఏ రక్షణా లేకుండా కాలిపోతాడు. నల్లపిల్ల సంగతి ఎవరికీ పట్టదు. ముగ్గురికీ నష్టమే. చర్మం ఏ రంగుదైనా మంట ఒకటే. ‘‘కాలుతుంది, మంటపుడుతుంది, అందుకే టోపీ’’ అని చెబితే నాలుగేళ్ళ పిల్ల కూడా అర్థం చేసుకుంటుంది. ‘‘నల్లబడతావు’’ అని చెబితే తన ఒళ్ళంటే తనకే అసహ్యం నేర్పినట్టు. అత్తయ్యతో నేను పోట్లాడను. పెద్దావిడ. కానీ మా అమ్మాయి ముందు ఆ మాట వచ్చిన ప్రతిసారీ ‘‘కాలుతుందనే అత్తయ్యా, రంగుకి కాదు’’ అని అక్కడికక్కడే అంటాను. ఈమధ్య మనవడికి కూడా ఆవిడే టోపీ వెతికి పెడుతోంది.

ఈ రంగు పిచ్చి నుంచే ఇంకో ప్రమాదం వస్తోంది. మెడికల్ షాపుకెళ్ళి తెల్లబడే క్రీమ్ అడిగి తెచ్చి పిల్లల మొహానికి రాస్తున్నారు. కొన్నిట్లో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. మొదట నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పల్చబడి, చిన్న ఎండకే మండుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నిటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లోనే గట్టిగా చెప్పింది. అయినా ఇళ్ళల్లో ట్యూబులు కనబడుతూనే ఉన్నాయి. నిమ్మరసం కూడా అంతే. ఎండకి కమిలిన మొహానికి నిమ్మచెక్క రుద్దడం మన ఇళ్ళల్లో పెద్ద చిట్కా. నిమ్మలో ఉండే పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి, తర్వాత వారాల తరబడి నల్లటి చారలు మిగులుతాయి. మా పక్కింటి పాపకి పెళ్ళికెళ్ళే ముందు అలాగే చేశారు. చెంప మీద కారిన చుక్క ఎక్కడి దాకా పోయిందో అక్కడి దాకా మచ్చ. ఒడియావాళ్ళ కొత్త సంవత్సరం పణా సంక్రాంతికి పానకం కోసం పిల్లలు నిమ్మకాయలు పిండితే, బయటికి వెళ్ళే ముందు చేతులు సబ్బుతో కడిగించండి.

చెంపల మీద పాలిపోయిన మచ్చలు చూసి భయపడే తల్లులు కూడా చాలామంది వస్తుంటారు. నులిపురుగులంటారు, కాల్షియం తక్కువంటారు, బొల్లేమోనని రాత్రంతా నిద్రపోరు. మా చెల్లెలి కొడుక్కి వచ్చినప్పుడు చర్మం డాక్టరు చూసి పిటిరియాసిస్ ఆల్బా అన్నారు. పొడిబారిన చర్మం మీద వచ్చే మామూలు మచ్చ. నులిపురుగులకీ దానికీ సంబంధం లేదట. ఎండలో తిరిగితే చుట్టూ ఉన్న చర్మం నల్లబడి మచ్చ ఇంకా తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రోజూ మాయిశ్చరైజర్ రాసి, టోపీ పెట్టి పంపమన్నారు. కొన్ని నెలలకి కలిసిపోయింది. అయితే ఒకటి మర్చిపోవద్దు. మచ్చ మీద గిల్లినా తెలియకపోతే, లేదా పాలలా తెల్లగా ఉండి పెద్దదవుతుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి.

చంటిపిల్లల గురించి. ఇక్కడ ఒడియా ఇళ్ళల్లోనూ మన ఇళ్ళల్లోనూ చలికాలం పసిబిడ్డకి ఆవనూనె పట్టించి ఎండలో పడుకోబెడతారు. మర్దన మంచిదే. కానీ నూనె ఎండని ఆపదు. ఆరు నెలల లోపు బిడ్డని నేరు ఎండలో ఉంచకూడదు, ఎండని ఆపే క్రీమ్, అదే సన్‌స్క్రీన్, కూడా సాధారణంగా రాయొద్దనే చెబుతారు. పొద్దున్నే, నీడ పొడుగ్గా ఉన్నప్పుడు, కళ్ళకి ఎండ కొట్టకుండా కాసేపు వరండాలో పెట్టుకుంటే చాలు. విటమిన్ డి చుక్కల సంగతి పిల్లల డాక్టరుని అడగండి.

సన్‌స్క్రీన్ నేను చివరికి ఉంచాను, ఎందుకంటే బట్ట కప్పలేని చోటికే అది. మొహం, చెవులు, మెడ వెనక, చేతుల పై భాగం, పాదాలు. ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె 30 అంటే, చర్మాన్ని ఎక్కువగా కాల్చే యూవీబీ రకం కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. కాబట్టి పెద్ద అంకె కోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు. 30 చాలు, మందంగా రాయాలి. పిల్లలకి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి చర్మానికి పడతాయి. తెల్లగా కనబడతాయి, ఫర్వాలేదు. మోచేతి లోపల కొంచెం రాసి ఒకరోజు చూసి, అప్పుడు మొహానికి రాయండి. బయటికెళ్ళే పావుగంట ముందు, మళ్ళీ రెండు గంటలకోసారి, నీళ్ళలో ఆడితే తుడుచుకోగానే. పొరపాటున కమిలితే చల్లటి నీళ్ళ గుడ్డ వేయండి, నీళ్ళు బాగా తాగించండి. ఐసు, టూత్‌పేస్టు, నెయ్యి వద్దు. బొబ్బలు చిదమొద్దు. జ్వరమో వాంతులో వస్తే డాక్టరు దగ్గరికి.

ఇక టోపీ. క్రికెట్ టోపీ ముందు మాత్రమే కాపాడుతుంది, చెవులూ మెడా వదిలేస్తుంది. చుట్టూ అంచున్న గుండ్రటి టోపీ కావాలి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి అంచు రెండు అంగుళాలు, పెద్దవాళ్ళకి మూడు అంగుళాల దాకా. అంచు లోపల క్యాన్వాస్ వేసి నాలుగు వరసలు కుట్టు వేస్తే కళ్ళ మీదకి వాలిపోదు. పైభాగానికి ముదురు నీలం పాప్లిన్, లోపల పల్చటి నూలు అస్తరు. చెమట పీల్చుకోవడానికి నుదుటి దగ్గర టెర్రీ పట్టీ. గెడ్డం కింద తాడు కుడితే ఆటలో చిక్కుకుంటుంది కాబట్టి ఊడిపోయే బటన్ పెట్టండి. తల చుట్టుకొలతకి అర అంగుళం వదులు ఉంచి, వెనక ఎలాస్టిక్ వేస్తే రెండేళ్ళు వస్తుంది. రెండు యూనిఫారాలు కుట్టగా మిగిలిన గుడ్డ సరిపోతుంది. నేనైతే యూనిఫారం ఇచ్చినవాళ్ళకి టోపీ కూలి విడిగా తీసుకోను.

మా అబ్బాయి బళ్ళో టోపీ యూనిఫారంలో లేదని ప్రేయర్‌లో తీయించేస్తారు. జూన్‌లో బడి తెరిచాక తల్లిదండ్రుల మీటింగ్ ఉంటుంది. టోపీని యూనిఫారంలో చేర్చమనీ, డ్రిల్ పీరియడ్ మొదటి గంటకి మార్చమనీ అడుగుతూ అర్జీ రాశాను, ఒడియాలో. ఇప్పటిదాకా మా వీధి తల్లులు సంతకాలు పెట్టారు. అత్తయ్య కూడా, తెలుగులో పెట్టింది.